ఆకు పేరు చెప్పని పసరు

ఈ రోజు పొద్దున నా భార్య ఏవో ఆకులు రోట్లో నూరింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. తడిగుడ్డలో పిండి, ఆ పచ్చటి రసాన్ని గాజుగ్లాసులో పోసి నా ముందు పెట్టింది. మాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆమెది నారాయణపేట. పెళ్లాలు మొగుళ్లకు పసరు తాగించి కొంగున కట్టేసుకుంటారని, దాన్నే మందు పెట్టడమంటారని మా నల్గొండ వైపు చిన్నప్పటి నుంచి వింటున్నాను. గడప దగ్గర బియ్యం ఏరుతున్న మా అమ్మ కూడా చేయి ఆపి గ్లాసు వైపే చూస్తోంది.

"ఏం ఆకు గిది?" అన్నాను.

"పేరు చెప్తే గుణం పోతది. మా అవ్వ గట్లనే ఇచ్చేది. కండ్లు మండుతున్నయంటిరి గదా, తాగుండ్రి."

"అయితే ముందుగాల నువ్వు తాగు."

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. గ్లాసెత్తి చివరి చుక్క దాకా తాగేసింది.

"కొత్తిమీర, పుదీన, ఆనిగెపుకాయ" అని సొరకాయతో సహా అన్నీ చెప్పి గ్లాసు కడగడానికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నాతో మాట లేదు. నేను కచేరీలో పని ముగించుకుని తొందరగా ఇంటికొచ్చాను. మల్లెపూలు తెచ్చాను. ఎవరూ అడగకుండానే బావిలో నీళ్లు తోడి వంటింట్లో పెట్టాను. దీపాలు పెట్టే వేళకు అమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నిజం చెప్పు కొడకా, తాగినవా?"

ఒక్క చుక్క కూడా నా నాలుకకు తగల్లేదు. మరి పొద్దున్నుంచీ ఆమె వెనకాలే ఎందుకు తిరుగుతున్నానో, పెళ్లయినవాళ్లు ఎవరైనా చెప్పండి.