చక్రాలు పోయే చీకటి

చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమ కాలికి కట్టించని తాయెత్తు లేదు. పోలియో వచ్చిన కాలు. ఎవరు ఏ ఊరి పేరు చెబితే ఆ ఊరికి నన్ను చంకనేసుకుని పోయేది. గుడి, దర్గా, చర్చి, అన్నీ తిరిగినాం. ఒకాయన నిమ్మకాయలు దిగదుడిచి, కాలికి గాలి సోకిందని చెప్పినాడు. పదో తరగతికి వచ్చేసరికి ఆ దారాలన్నీ నేనే కత్తిరించి పారేసినాను. అప్పటినుంచి దయ్యం, గాలి అనే మాట ఎవరెత్తినా లేచి పక్క గదిలోకి పోతాను.

ఇప్పుడు చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. అందుకే ఇది రాయడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాకు ఫోటోలు తీసే పిచ్చి ఉంది. పాలపుంత పాఠం ఏటా చెబుతాను గానీ, దాన్ని కంటితో ఒక్కసారీ చూసింది లేదు. తిరుపతిలో రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసే గుంపు ఒకటి ఉందని తెలిసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరినాను. వాళ్లు పోయే చోట్లన్నీ కొండలే. బండ్లు కింద పెట్టి, రాళ్ల మీద నడిచి పైకెక్కాలి. నేనూ వస్తానంటే ఒకాయన మర్యాదగానే, ఆ కష్టం మీకెందుకు మేడమ్, ఫోటోలు మేం పంపిస్తాం కదా అన్నాడు.

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ నాకు కావలసింది ఫోటో ఒక్కటే కాదు. ఆ ఆకాశం కింద నేను కూర్చోవాలి. వాళ్లు ఎక్కే కొండలు వాళ్లకే ఉండనీ, చక్రాలు పోయే చీకటి చోటు నేనే వెతుక్కుంటానని అనుకున్నాను.

నాకు వెనక రెండు పక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటీ ఉంది. మా స్కూల్లోనే లెక్కలు చెప్పే షమీమ్ నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. వెతకడానికి తోడు రమ్మంటే మారు మాట్లాడకుండా వెనక కూర్చుంది. ఆదివారాలు పగటిపూట పోయి దారి చూసేవాళ్లం. దారి బాగుంటే ఇంకో రోజు చీకటి పడినాక పోయేవాళ్లం.

వెతికితే గానీ తెలియలేదు, మన వైపు చీకటి ఎంత కరువైపోయిందో. తిరుపతి చుట్టుపక్కల యాడ నిలబడినా కొండ మీది వెలుగు, ఊరి వెలుగు కలిసి సగం ఆకాశాన్ని తినేస్తాయి. తడ వైపు హైవే, ఫ్యాక్టరీలు. సత్యవేడు దాటి పొలాల్లోకి పోతే ఉత్తరం బాగానే ఉంది గానీ, పాలపుంత కనిపించే దక్షిణం వైపు మద్రాసు వెలుగు నారింజ రంగులో లేస్తుంది. పలమనేరు రోడ్డులో మంచి చోటు దొరికిందని సంబరపడితే, అడవి కాపలా వాళ్లు ఏనుగులు తిరుగుతున్నాయి పొమ్మన్నారు. ఇంకో ఊళ్లో చెరువు కట్ట నున్నగా, వెడల్పుగా, నా బండికోసమే వేసినట్టుంది. చీకటి పడినాక పోతే కట్ట పొడవునా కొత్తగా వేసిన ఎల్‌ఈడీ దీపాలు. షమీమ్ నవ్వుతూ నేలమీద కూలబడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా నాయన రోజూ అడిగేవాడు, ఇంకా యాడికమ్మా అని. అమావాస్య పూట ఆడవాళ్లు పొలాల్లో ఏందని ఆయన బాధ. చందమామ లేని రాత్రే నక్షత్రాలు బాగా కనిపిస్తాయని ఎన్నిసార్లు చెప్పినా తల అడ్డంగా ఊపేవాడు. అయినా నేను బయల్దేరేటప్పుడు బండి టైర్లలో గాలి చూసి పంపేది ఆయనే.

చివరికి దొరికింది. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్లకు ఇబ్బంది. చిత్తూరు నుంచి మరీ దూరం కాదు. రెండు పల్లెల మధ్య వాగులాంటి ఒక వంక, దానికి అడ్డంగా చప్టా. అంటే వంతెన కాదు, వంక అడుగునే పోసిన సిమెంటు దారి. రెండు గట్ల నుంచి వాలుగా కిందికి దిగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు వంక ఎండిపోయి ఇసుకే ఉంటుంది. కొత్త రోడ్డు ఇంకోపక్క పడినాక ఆ దారిలో ఎవరూ పెద్దగా రారు. దక్షిణాన ఒక గుట్ట అడ్డం ఉండి దూరపు ఊళ్ల వెలుగును ఆపేస్తుంది. చక్రాలు నున్నగా పోతాయి. పగలు చూసి వచ్చినాక ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

వినాయక చవితి సందడి అయిపోయినాక వచ్చిన అమావాస్యకు పోయినాం. ఆ నెలల్లో అర్ధరాత్రి దాకా ఆగే పని లేదు. పొద్దు గూకి బాగా చీకటి పడితే చాలు, పాలపుంత దక్షిణాన నిలబడి ఉంటుంది.

నిజంగానే నిలబడి ఉంది. మొదట మబ్బనుకున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ ఆ మబ్బులో నలుపు, తెలుపు విడివడినాయి. షమీమ్ తల పైకెత్తి అట్లానే నిలబడిపోయింది.

చప్టా మధ్యలో స్కూటీ ఆపి, చంక కర్రలు పక్కన తగిలించి, బండి మీదే కూర్చున్నాను. ముందు చక్రం తూర్పు గట్టు వైపు ఉంది. ఇంజను ఆపేసి, బ్రేకు పట్టించే క్లిప్పు వేసినాను. వాలులో ఎక్కడ ఆగినా ఆ క్లిప్పు వేయడం నాకు అలవాటు. కెమెరా స్టాండు పక్కనే పెట్టి దక్షిణం వైపు తిప్పి, వరసగా ఫోటోలు తీసేలా పెట్టినాను. మా వెనక, ఉత్తరపు కొండల మీద అప్పుడప్పుడూ మెరుస్తోంది. ఉరుము కూడా వినపడనంత దూరం. మా నెత్తిన ఒక్క మబ్బు తునక లేదు.

కింద సిగ్నల్ లేదు. ఇంటికి ఫోన్ చేసొస్తానని షమీమ్ గట్టు మీదికి పోయింది. నేను కెమెరా స్క్రీను చూసుకుంటూ ఉన్నాను.

అప్పుడు బండి కదిలింది.

ముందుకు, తూర్పు గట్టు వైపు, వాలు పైకి. షమీమ్ తిరిగొచ్చి వెనక నుంచి తోస్తోందనుకున్నాను. కెమెరా ఆడనే ఉండాది, ఆపు అన్నాను. ఆగలేదు. బ్రేకు పట్టే ఉంది, టైరు సిమెంటు మీద గీరుకుంటున్న చప్పుడు నాకు తెలుస్తోంది. చేత్తో కూడా బ్రేకు గట్టిగా నొక్కినాను. అయినా పోతూనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా బండిని తోసేవాళ్లు ఎన్ని రకాలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కొందరు కుదుపుతో తోస్తారు. కొందరు ఒక పక్కనే పట్టుకుంటారు, హ్యాండిలు మెలి తిరుగుతుంది. మా నాయన తోసేటప్పుడు మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఆ రోజు తోసిన తోపు వీటిలో ఏదీ కాదు. రెండు పక్కలా సమానంగా, కుదుపు లేకుండా, తొందర లేకుండా వచ్చింది. నా నడుముకు ఏమాత్రం దెబ్బ తగలకూడదని తెలిసినట్టు.

"చెప్తా ఉంటే వినవేంది షమీమ్" అని కోప్పడినాను.

"నేనీడుండాను కదక్కా" అని ఎదురుగా గట్టు మీద నుంచి వినిపించింది. "ఇంజను వెయ్యకుండా ఎట్టొస్తాండావు?"

బండి ఆగింది. అప్పటికి గట్టు మీదికి వచ్చేసినాను. వెనక్కి తిరిగి టార్చి వేసినాను. ఎవరూ లేరు. వాలు, చప్టా, దాని మధ్యలో నా కెమెరా స్టాండు. అంతే.

షమీమ్ నా భుజం పట్టుకుంది. అప్పుడే ఉత్తరం వైపు నుంచి చప్పుడొచ్చింది. పెద్ద లారీలో నుంచి ఇసుక దించుతున్నట్టు. టార్చి వెలుగులో ముందు నురగ, చెత్త, కొమ్మలు కనిపించినాయి. తర్వాత చప్టా కనిపించలేదు. కెమెరా పడిపోవడం కూడా చూడలేదు, ఉన్నచోట నీళ్లున్నాయంతే. కొండల్లో కురిసిన వాన వంకలో పడి వచ్చింది. నేనక్కడే ఉండుంటే చంక కర్రలు అందుకునే లోపే అయిపోయేది.

షమీమ్ ఏదో దువా చదువుకుంటూ ఏడ్చింది. నేను కొత్త రోడ్డు మీదుగా చుట్టు తిరిగి ఇంటిదాకా బండి ఎట్లా నడిపినానో గుర్తు లేదు.

తర్వాతి రోజుల్లో నేను సైన్సు టీచరుగానే ఆలోచించినాను. గాలి తోసిందా? ఆ రోజు ఆకు కదల్లేదు. వాలులో బండి తనంతట జారిందా? జారితే కిందికి జారాలి. క్లిప్పు సరిగ్గా పడలేదా? బండిని మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయినాను. జరిగింది చెప్పలేదు, ఊరికే చూడమన్నాను. వెనక టైరు తిప్పి ఆయన నన్ను కోప్పడినాడు.

"బ్రేకు పట్టినప్పుడు ఎవరమ్మా దీన్ని ఈడ్చింది? ఒకే చోట అరిగిపోయుండాది సూడు."

నిన్ను కూర్చోబెట్టి అట్లా ఈడ్వాలంటే ఇద్దరు మగాళ్లయినా ఆయాసపడాల్సిందే అని కూడా అన్నాడు.

నీళ్లు తగ్గినాక షమీమ్, నేను పగటిపూట పోయి చూసినాం. గట్టు దగ్గర సిమెంటు మీద టైరు గీరిన నల్లటి చార ఉంది. దుమ్ములో షమీమ్ చెప్పుల గుర్తులు ఫోన్ మాట్లాడిన చోట, నా భుజం పట్టుకున్న చోట మాత్రమే ఉన్నాయి. చారకు అటూ ఇటూ ఇంకే అడుగులూ లేవు.

ఊళ్లోకి పోయి అడిగినాం. ఇట్లాంటి చోట ఎవరో చచ్చిపోయినారని, అమావాస్యకు కనబడతారని ఏదో కథ ఉంటుందనుకున్నాను. ఉంటే కొట్టిపారేయడం నాకు తేలిక. పశువులకు గడ్డి మోసుకొస్తున్న ఒక పెద్దావిడ మోపు దించి, అంతా విని, ఈ వంకలో ఎవరి ప్రాణమూ పోలేదు తల్లీ, మా అత్త కాలం నుంచీ ఏ మాటా వినలేదు అంది. ఇంకో ఇద్దరు ముగ్గురిని అడిగినాం. వాళ్లూ అదే చెప్పినారు. ఆ చోటికి ఏ కథా లేదు.

మా నాయనకు మాత్రం అంతా చెప్పినాను. ఇంక పోవద్దంటాడని, వాదించడానికి సిద్ధపడే చెప్పినాను. ఆయన లేచి పోయి బండి టైర్లు నొక్కి చూసినాడు. ఈ తూరి గట్టు మీదనే పెట్టుకోమ్మా బండి, అన్నాడు.

వానలు పోయి వేసవి వచ్చినాక, వేరేవాళ్లు వాడి అమ్మిన కెమెరా ఒకటి తెచ్చుకుని మళ్లీ అక్కడికే పోయినాను. భయం లేదని చెప్పను. స్టాండు బిగించే ముందు బ్రేకు క్లిప్పు రెండుసార్లు చూసుకున్నాను. కానీ ఒక్క చోటు కోసం అంత తిరిగి, దొరికినాక వదులుకోవడం నా వల్ల కాలేదు. ఈసారి గట్టు మీదే ఆపినాను. వాన సూచన చూసుకునే బయల్దేరినాను. షమీమ్ నా పక్కనే, నాకు కనబడేలా కూర్చుంది. తెల్లవారేలోపు పాలపుంత మొత్తం గుట్ట మీద నుంచి లేచి వచ్చింది. ఫోటో వచ్చింది. తిరుపతి గ్రూపులో పెట్టి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా రాగలిగిన చోటు ఇది, కావాలంటే దారి చెబుతానని రాసినాను. చప్టా మీదికి దిగొద్దని కూడా రాసినాను. ఎందుకని అడిగినవాళ్లకు వంకలో ఉన్నట్టుండి నీళ్లొస్తాయని చెప్పినాను. అది నిజమే కదా.

దయ్యాలున్నాయా అని అడిగితే ఇప్పటికీ లేవనే అంటాను. మరి ఆ రోజు ఎవరు తోసినారని షమీమ్ అడుగుతుంది. బండిని తోసినవాళ్లకు, తెలిసినవాళ్లయినా తెలియనివాళ్లయినా, తిరిగి చూసి ఒక మంచి మాట చెప్పకుండా నేనెప్పుడూ పోలేదు. ఆ ఒక్కసారి మాత్రం చెప్పడానికి ఎవరూ కనబడలేదు.