లోకనాథన్ పెరట్లో పుంజు

మురుంగపాక్కంలో లోకనాథన్ ఇంటి పెరడు పెద్దదేం కాదు. ఒక మునగచెట్టు, ఒక బావి, తాటాకు కప్పిన కోళ్లగూడు. పొద్దంతా ఆయన అక్కడే కూర్చునేవాడు. కూర్చోక తప్పదు. ఆయనకు చెవులు వినపడవు.

పన్నెండో ఏట పుదుచ్చేరిలో బట్టల మిల్లులో చేరి, ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో నిలబడ్డాడు. ముందు చిన్న మాటలు పోయాయి, తర్వాత పిలుపులు, చివరికి మిల్లు కూత కూడా. కూత తెలియక నాలుగుసార్లు ఆలస్యమయ్యేసరికి మేస్త్రీ ఇక రావద్దని చేత్తో సైగ చేశాడు.

కోళ్లు భార్య వెళ్ళైయమ్మాళ్‌వి. గద్ద వస్తే కోడి ఒక రకంగా అరుస్తుంది, ముంగిస వస్తే ఇంకో రకంగా. వంటింట్లో ఉన్నా ఆమెకు తెలిసిపోయేది. 1919లో ఆమె జ్వరంతో పోయింది. ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం ఆయన అరుగు మీద కునుకు తీసి లేచేసరికి తొమ్మిది కోడిపిల్లల్లో నాలుగే మిగిలాయి. తల్లికోడి ఎంత అరిచిందో ఏమో.

అప్పట్నుంచి చెవులు చేయాల్సిన పని కళ్లకు అప్పజెప్పాడు. గూడు తెరిచింది మొదలు మూసేదాకా పెరడు వదల్లేదు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పోయినా చేసేదేముంది? భార్య పెదవులు చూసి మాట పట్టుకునేవాడు గానీ, వేరేవాళ్ల నోళ్లు ఆయనకు అలవాటు కాలేదు.

మరుసటేడు బాహూరులో ఉండే బావమరిది దొరైస్వామి ఒక ఎర్రపుంజును ఇచ్చాడు. లోకనాథన్ నూకలు చల్లుతుంటే అది తినకుండా పెట్టలను పిలిచి, అవి తిన్నాకే ముక్కు దించేది. ఆయనకు దాని మీద ఎక్కడలేని ప్రేమ.

పక్కింట్లోకి మీనాంబాళ్ అనే ఆవిడ మంచాన పడ్డ తల్లితో వచ్చి చేరింది. మూడుసార్లు గోడ దగ్గర నిలబడి పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. పొగరనుకుంది. నాలుగోసారి నేరుగా పెరట్లోకి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, మీ పుంజు కూతకు మాయమ్మకు కన్ను మూతపడ్డంలేదు."

"గట్టిగా చెప్పినా లాభం లేదమ్మా. నాకు వినపడదు."

ఆమె పుంజు వైపు చూపించి, మెడ చాచి, నోరు తెరిచి కూత పెట్టినట్టు చేసింది. తర్వాత రెండు చేతులు చెంప కింద పెట్టుకుని, అడ్డంగా తల ఊపింది.

లోకనాథన్‌కు అర్థమైంది.

"అంత గట్టిగా కూస్తాదా? నేను ఒక్కసారి కూడా విన్లేదు."



మర్నాడు పుంజును గంపలో పెట్టుకుని బాహూరుకు నడిచిపోయాడు. దొరైస్వామి చేతిలో పెట్టి, నీళ్లు కూడా తాగకుండా తిరిగొచ్చాడు. పెట్టల్ని చూసుకోవాలి కదా.

రెండు నెలలకు మీనాంబాళ్ తల్లి చనిపోయింది. కర్మలు అయ్యాక ఆమె వచ్చి, పుంజును తెచ్చుకోమని సైగ చేసింది. ఆయన గంప తీసుకుని ఆ పూటే బయల్దేరాడు. దొరైస్వామి దాన్ని అయ్యనార్ గుడికి మొక్కు కింద కోసి పది రోజులైంది. గుడి వైపు చూపించి తల వంచుకున్నాడు. లోకనాథన్ సరేనన్నాడు.

వేరే పుంజును తేలేదు. పుంజు లేక గుడ్లు పిల్లలు కాలేదు. పెట్టలు ముసలివై ఒక్కొక్కటే పోగా, చివరికి రెండే మిగిలాయి.

మీనాంబాళ్ అప్పుడప్పుడు వచ్చి మునగచెట్టు కింద కూర్చునేది. ఆయన వెళ్ళైయమ్మాళ్ గురించి చెప్తే వినేది. ఒక సాయంత్రం ఆమె తన కథ ఏదో మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది, మధ్యలో కళ్లు తుడుచుకుంది. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. చీకటి పడుతున్నా, గూడు మూసే వేళ దాటుతున్నా లేవలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఆమె ముఖం చూస్తూ అలాగే కూర్చున్నాడు.