ఫ్లైవీలు చెక్కించిన ఏడాది

మొన్న పెన్షను పని మీద బ్యాంకుకు వెళ్లి, ఎండ తగ్గేదాకా నర్సీపట్నం కూడలిలో ఒక మందుల షాపు నీడన నిలబడి ఉండగా, ఎవరో అమ్మాయి బండి నా మోచేతికి జానెడు దూరంలోంచి వెళ్లిపోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. కరెంటు బండి అని, దానికి ఇంజనే ఉండదని షాపాయన చెప్పాడు. ఇంజను లేదంటే లోపల తిరిగే బరువు చక్రం, ఫ్లైవీలు కూడా లేనట్టే కదా అనుకున్నాను, ఇక ఆ పూట మరో ఆలోచన సాగలేదు.

చప్పుడును బట్టి ఫలానా ఇంటి బండి వస్తోందని చెప్పగలిగిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. డెబ్బయ్యో దశకం చివర్లో మా ఇంటికి మిగిలినవి రెండే: మా నాన్నగారు తోలిన మూడువందల యాభై సీసీ మోటారు సైకిలు, రోడ్డు వారన ఓ చిన్న జాగా. భూములు మా తాతగారి హయాంలోనే కరగడం మొదలుపెట్టి, నాకు మీసాలు వచ్చేసరికి పూర్తిగా కరిగిపోయాయి. నేను రోలుగుంటలో గుమాస్తా ఉద్యోగం చేసేవాణ్ని. ఒకప్పుడు మా అరుగు కింద నిలబడ్డవాళ్ల పక్కన బస్సులో కూర్చోవడం నావల్ల కాక, జీతంలో సగం పెట్రోలుకు పోసినా సరే బండి మీదే వెళ్లేవాణ్ని. ఇప్పటికీ అందుకు సిగ్గుపడను.

ఆ రోడ్డు మీదే కాంట్రాక్టరు గారి అబ్బాయి రెండు సైలెన్సర్ల కొత్త బండి తోలేవాడు. వాళ్ల తాత మా కళ్లంలో ధాన్యం కొలిచిన మనిషి. రోజూ సాయంత్రం నన్ను దాటిపోయి, తల తిప్పకుండా ఎడమచెయ్యి గాలిలోకి ఎత్తి ఊపేవాడు. ఊపడం అంటే పలకరింపే కావచ్చు. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

మా జాగాలో షెడ్డు వేసుకున్న మెకానిక్కు తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో కారు డ్రైవరు. మిషను చర్చి మనుషులు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపల ఏది అరిగిందో చెప్పేవాడు, ఒక్కసారి కూడా తప్పు చెప్పగా నేను చూడలేదు. విశాఖపట్నంలో పందేలకు తోలేవాళ్లు ఫ్లైవీలు బరువు తగ్గించుకుంటారని ఎక్కడో విని, నా బండికీ అలాగే చెయ్యమని అతనికి చెప్పాను. వద్దన్నాడు. ఇంజను లోపలి ఆ ఇనుప చక్రాల బరువే సిలిండరులో ఒక పేలుడుకీ మరో పేలుడుకీ మధ్య బండిని చావనివ్వకుండా లాగుతుందట.

“తిరగలి రాయి పల్సనైతే బేగి తిరుగుతాది బాబూ. గింజలు పడితే ఆగిపోతాది. ఘాటీ రోడ్డులో సచ్చిపోద్ది బండి.”

అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మీ నాన్న స్టీరింగు ఎటు తిప్పమంటే అటు తిప్పాడు గానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.”

అతను ఇంజను ఊడదీసి, చక్రాల అంచులు లేతు మీద చెక్కించి, నాలుగు రోజుల్లో మళ్లీ బిగించాడు. కంసాలి బంగారు రజను అప్పజెప్పినట్టు, చెక్కగా రాలిన ఇనుప పొట్టును సిమెంటు కాగితంలో పొట్లం కట్టి, తీసిన బరువు ఇదీ అని నా చేతిలో పెట్టాడు. అతను చూస్తుండగానే దాన్ని కాలవలోకి విసిరేశాను.

బండి నిజంగానే ఎగిరింది. కాంట్రాక్టరు గారి అబ్బాయిని వరసగా మూడు సాయంత్రాలు దాటిపోయాను, నేను చెయ్యి ఊపలేదు. కూడలిలో ఆగితే మాత్రం ఇంజను నిలకడగా ఉండేది కాదు, యాక్సిలరేటరు వదిలితే చచ్చేది. దాన్ని నేను గుర్రం పొగరు అనుకుని మురిసిపోయాను.

ఆ వారమే చింతపల్లిలో తెలిసినవారి పెద్దకర్మకు వెళ్లాలని మా బాబాయి నా వెనకాల ఎక్కాడు. మా నాన్నగారు పోయాక ఆయన కుర్చీలో కూర్చున్నది బాబాయే. ఘాటీ మీద నిట్టనిలువు మలుపులో, కలప లారీ వెనక వేగం తగ్గించేసరికి ఇంజను ఠక్కున ఆగింది. బ్రేకు ఆపలేకపోయింది, బండి వెనక్కి జారింది. నేను దూకేశాను. ఎలా దూకానో, ఎప్పుడు దూకానో తెలియదు. దూకానన్నది మాత్రం తెలుసు. బాబాయి బండితోపాటు పడ్డాడు. కుడికాలు బండికీ రాతికీ మధ్య నలిగింది. లారీవాళ్లే కిందికి చేర్చారు. ఆ కాలు అతుక్కుంది గాని, ఆయన మళ్లీ చేతికర్ర లేకుండా నడవలేదు.

ఇంజను ఎవరు ముట్టుకున్నారని ఇంటిల్లిపాదీ అడిగారు. నేను ఆయిలు మార్చమని ఇచ్చానని, మెకానిక్కే తన తెలివి చూపించుకోవడానికి ఏదో చేశాడని అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. తడుముకోకుండా వచ్చేసింది.

మర్నాడు షెడ్డు ముందు పదిమంది పోగయ్యారు. రిటైరైన హెడ్మాస్టరు గారు పెద్దరికం వహించారు. బాబు చెయ్యమంటేనే చేశానన్నాడు మెకానిక్కు. అయితే బలిఘట్టం శివుడి ముందు నన్ను, అతని చర్చిలో అతన్ని ప్రమాణం చెయ్యమన్నారు హెడ్మాస్టరు గారు. నేను చేస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“మా పాస్టరు గారు ఒట్టు పెట్టొద్దని సెప్పేరండి. ఒట్టేస్తేనే నిజమవుద్దేటి? బాబు సెప్పేరు, నాను సేసేను. అంతే.”

గుంపులో ఎవరో “నిజమే సెప్తే ఒట్టుకి బయమేటిరా?” అన్నారు, నలుగురు నవ్వారు. అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు గాని, మాట మార్చలేదు. అతను ఒక్క మాట ఒట్టేసి ఉంటే నేను నిలబడగలిగేవాణ్ని కాను, ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగి, బాబు గుడిదాకా రానక్కర్లేదు, ఆ ఇంటి మాట చాలు అన్నారు. అలా నేను ప్రమాణం చేయవలసిన అవసరమే రాలేదు. నా జన్మలో దొంగ ఒట్టు పెట్టలేదని నేటికీ చెప్పుకోగలను, అది ఎలాంటి నిజమో మీరే చూడండి.

మూడు రోజుల్లో జాగా ఖాళీ చెయ్యమన్నాను. ఆలుమగలిద్దరూ రేకులు విప్పుతుంటే దగ్గర నిలబడి చూశాను. ఊళ్లో మరో చోట షెడ్డు వేసుకోవాలని చూశాడు గాని, ఇంజను పాడుచేసి మనిషిని కుంటివాణ్ని చేశాడన్న పేరు పడ్డాక బండి ఇచ్చేవాళ్లెవరు? కొన్నేళ్లకు బస్సు నక్కపల్లిలో ఆగినప్పుడు చూశాను, హైవే పక్కన లారీ టైరు మీద గునపం పెట్టి తొక్కుతున్నాడు. ఇంజను గుండె వినగలిగిన మనిషి పంక్చర్లు వేసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. నేను అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

బాబాయి పోయే ముందు ఏడాది, మేమిద్దరమే ఉన్నప్పుడు, నేను బండి ఇచ్చిన రోజు షెడ్డు బయట తానూ ఉన్నానని, తిరగలి మాటా, నా జవాబూ రెండూ విన్నానని చెప్పాడు. మరి తెలిసి తెలిసి ఎందుకు ఎక్కావని అడిగాను.

“వాడు చెప్తే మనం వినడమేటిరా అనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. తరవాత నోరు విప్పితే మనకి మిగిలిన ఆ కాస్త పరువూ పోయేది.”

ఇప్పుడు ఈ ఊళ్లో ఎవరూ ఎవరి ఇంటి మాటా నమ్మరు. బ్యాంకులో కూడా నా మొహం చూసి నేనేనని ఒప్పుకోలేదు, కాగితం తెమ్మన్నారు. ఇదే పద్ధతి అప్పుడూ ఉండి ఉంటే ఒక మనిషి షెడ్డు నిలిచేది, కాలం మారడం మంచిదే అయిందని నలుగురిలో అంటూ ఉంటాను. ఒక్కణ్నే ఉన్నప్పుడు మాత్రం, ఒట్టు అడక్కుండా నన్ను నమ్మిన ఆ ఊరే మళ్లీ కావాలనిపిస్తుంది.