ఎవరి పేరూ రాయని పూట

పోయిన నెల ఒక పొద్దున మా అమ్మాయితో కలిసి పనిచేసే ఆయన ఫోన్ చేశారు. డ్యూటీ దిగి వస్తూ మెట్ల మీద కూలబడిందట. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయిందట. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే ఏమనుకోకండి. నా బిడ్డ ఏం పని చేసిందో మీకు చెప్పాలని రాస్తున్నాను.

వాళ్ల మిషన్ గుండ్రంగా, పది కళ్లాలంత ఉంటుంది. లోపల గొట్టంలో కంటికి కనపడని కణాలు తిరుగుతుంటాయి. మలుపు దగ్గర వాటి నుంచి గొప్ప వెలుగు వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, చుట్టూ ఉన్న గదుల్లో తమ వంతు గంటలు ఆ వెలుగులో తమ వస్తువు పెట్టి, లోపలేముందో చూసుకుంటారు. ఆ మిషన్ నమూనా గీసిన వాళ్లలో, ఆ తర్వాత దాన్ని నడిపిన వాళ్లలో మా అమ్మాయి ఒకతె. ఫోన్లో "ఎట్టుండావే" అంటే "నిలకడగా ఉండాదమ్మా" అనేది. "నేనడిగింది నిన్ను, నీ వెలుగును కాదు" అంటే నవ్వేది.

ఆ మిషన్ ఇంకా కడుతున్న రోజుల్లో ఒకసారి ఇంటికి వచ్చి, తోటపల్లి గూడూరు దగ్గర మా పొలం గట్టున కూర్చుని వంతుల పట్టిక రాసుకుంటోంది.

"ఇది మన కాలవ నీళ్ల మాదిరేనమ్మా."

"అయితే గండి పడిన పొద్దు వంతు పోయినోళ్ల గతేంది?"

"మళ్లీ అర్జీ పెట్టుకోవాల. ఆర్నెల్లు పడతాది."

"ఆర్నెల్లకి పైరుంటాదా? మన కాలవ మీద వారానికి ఒక పూట ఎవరి పేరూ రాయరు గదా. అది నష్టపోయినోళ్లదే."

రాసింది కొట్టేసి, వారానికి ఒక పూట ఎవరి పేరూ లేకుండా మళ్లీ రాసింది. మీటింగులో పెద్దవాళ్లు, అంత వెలుగును ఖాళీగా ఉంచుతామా అన్నారట. ఒప్పించేదాకా వదల్లేదు.

రొయ్యల గుంటల పక్కన మా పొలం ఉప్పు తేలింది. మిషన్ నడవడం మొదలయ్యాక ఒకసారి వచ్చినప్పుడు మా అమ్మాయి, అందులోనూ కాసిన నాలుగు కంకులు తెంపి, సగం వడ్లు తీసుకుపోయింది. ఉప్పు గింజలో ఎందాకా పోయిందో చూడాలని దాని ఆశ. ఏడాది ఎదురు చూడగా వంతు వచ్చింది. ఆ పూటే కరెంటు దెబ్బకి మిషన్ ఆగింది. అదే గదిలో మా అమ్మాయి తర్వాత వంతు తమిళనాడు నుంచి వచ్చిన ఒక కాలేజీ పంతులమ్మది. ఆమెదీ పోయింది. పేరు రాయని పూట ఒక్కరికే సరిపోతుంది. మా అమ్మాయి ఆమెకిచ్చేసింది.

నాకు కోపమొచ్చింది. "నువ్వు కట్టిన దాంట్లో నీకే చోటు లేదా?"

"నేనిక్కడే ఉంటా గదమ్మా. ఆమె రైలెక్కి పోవాల."

అది పోయాక ఆ మాట తలుచుకుని ఏడ్చాను. ఇప్పుడు ఆ మాటే నాకు ధైర్యం. అట్లాంటి బిడ్డను కన్నందుకు తృప్తిగానే ఉంది.

పది రోజుల కిందట ఆ పంతులమ్మ ఫోన్ చేశారు. మా అమ్మాయి మళ్లీ పెట్టుకున్న అర్జీకి రావలసిన పూట అడిగి తీసుకుని, అక్కడే ఉన్న దాని వడ్లు వెలుగులో పెట్టి చూశారట. "ఉప్పు పొట్టులోనే నిలిచిందమ్మా. మొలక వచ్చే చోటికి పోలేదు. చూసింది ఒక్క గింజే, ఇంకా చూడాలి" అన్నారు.

ఇంట్లో మిగిలిన వడ్లు నారు పోశాను. పక్క రొయ్యల గుంటలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఉప్పు తుంపర గట్టు దాటి వచ్చి, పచ్చటి నారు కొనల మీద చుక్కలుగా నిలిచి, గాలికి జారిపోతోంది.