మా డ్రిల్లు మాస్టరును బళ్లారి బస్సెక్కించిన రోజు

పోయిన నెలలో ఆదోని నుంచి ఇద్దరు పడుచువాళ్లు మా ఇంటికి వచ్చి, నేను చదివిన హైస్కూలు మైదానంలో జనం కూర్చోవడానికి మెట్ల వరుసలు కట్టించారనీ, వాటికి మా పెదనాన్న పేరు పెడుతున్నారనీ, ఆ రోజు వేసే సంచికలో క్రీడలకు ఆయన చేసిన సేవ గురించి నేను నాలుగు మాటలు రాసివ్వాలనీ అడిగారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు పుట్టేనాటికే పెదనాన్న గోడమీది పటమై చాలా కాలమైంది. కాఫీ ఇచ్చి, రాయననీ సభకు రాననీ చెప్పి పంపించేశాను. ఈ వయసులో అంత కోపమెందుకు మామయ్యా, రక్తపోటు పెరుగుతుంది అంది మా కోడలు. పెరగనీ. వాళ్లకు రాసివ్వనిది ఇక్కడ రాస్తున్నాను, ఆ మైదానంలో కాళ్లు కొట్టుకుపోయేలా ఆడినవాళ్లు నా ఈడువాళ్లలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకోసం.

ఫుట్‌బాల్ నేర్పేవాడిని కోచ్ అనడం అప్పట్లో లేదు. ఆయన మాకు డ్రిల్లు మాస్టరు, అంతే. బళ్లారి మనిషి, ఇంట్లో కన్నడం, మాతో తెలుగు. ఆ తెలుగు కూడా పుస్తకాల తెలుగు కాదు, మా బజారు తెలుగే, మా తిట్లతో సహా. సన్నగా, నల్లగా, గంజి పెట్టిన ఖాకీ నిక్కరులో నిటారుగా నడిచేవాడు. మాకు బూట్లు లేవు, బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుని ఆడేవాళ్లం. మైదానం పక్కనే జిన్నింగు మిల్లు. అది నడిచే రోజుల్లో గాలికి కొట్టుకొచ్చిన పత్తి పింజలు బంతి తోలుకు పూసిన కొవ్వుకు అంటుకుని, ఆట ముగిసేసరికి బంతి గొర్రెపిల్లలా తయారయ్యేది. పరుగు నేర్పడానికి మమ్మల్ని కోట కొండ ఎక్కించేవాడు. వెనకబడినవాడిని వెనకనుంచి తన్నేవాడు. పైకి చేరాక అందరికంటే ముందు వాడికే నీళ్లు తాగించేవాడు.

ఆట అయ్యాక ఒక తువ్వాలు పరిచి దానిమీద బొరుగులు, వేరుశెనగపప్పు, బెల్లం కలిపి పోసేవాడు. మండీ వ్యాపారుల పిల్లలం, మిల్లులో పత్తి బేళ్లు మోసేవాళ్ల పిల్లలు, అందరి చేతులూ ఆ తువ్వాలు మీదే. ఆ సంగతి తెలిసిన రోజున మా నాయనమ్మ నన్ను బావి దగ్గర నిలబెట్టి నెత్తిన నీళ్లు గుమ్మరించింది. పెదనాన్న దాన్ని మనసులో పెట్టుకున్నాడు. మా ఉమ్మడి కుటుంబానికి ఆయనే పెద్ద. పత్తి మండీ ఆయనది. మా నాన్న అందులోనే పనిచేస్తూ అన్న ఎదుట నోరెత్తని మనిషి.

అంతలో మద్రాసు నుంచి విడిపోయి మన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అంతవరకూ బళ్లారి జిల్లాలో ఉండిన మా ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. బళ్లారి మైసూరు పక్కకు పోయింది. ఊరంతా పండగ చేసుకున్నాం, మిఠాయిలు పంచుకున్నాం. ఆ ఊరేగింపులో ముందు నడిచిన డ్రమ్ముల దళాన్ని తయారుచేసింది ఎవరనుకున్నారు? మా డ్రిల్లు మాస్టరే. కొత్త రాష్ట్రం కోసం మేము అడుగు కలిపి నడవాలని ఎండలో గొంతు పోయేదాకా అరిచి నేర్పించాడు. ఆ రోజు పెదనాన్న స్వయంగా ఆయన మెడలో పూలదండ వేశాడు. నేను పక్కనే డ్రమ్ము మోస్తున్నాను, నా కళ్లతో చూశాను.

ఆ పూలు వాడాయో లేదో, ఉద్యోగుల పంపకం మొదలైంది. అటు భాషవాళ్లు అటు, ఇటు భాషవాళ్లు ఇటు. ఉన్నచోటే ఉంటామని కోరుకున్నవాళ్లకు ఊరి పెద్దలు ఒక మాట సాయం చేస్తే ఉండనిస్తారని చెప్పుకునేవారు. ఆ మాట కోసమే డ్రిల్లు మాస్టరు ఒక సాయంత్రం మా మండీకి వచ్చాడు. నేను లోపల నాన్న పక్కన కూర్చుని ఉన్నాను. పెదనాన్న పరుపుమీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మాస్టరును కూర్చోమనలేదు.

"నీది యా ఊరప్పా?" అన్నాడు పెదనాన్న, తెలియనట్టు.

"బళ్లారి, సావుకారూ. అయితే నా పెండ్లి అయినంక కాపురమంతా ఈడనే. పిల్లోల్లు ఈడనే పుట్టినారు. మా అమ్మను కూడా ఈడనే మట్టి చేసినాను."

"అది సరే. బళ్లారి ఆ పక్కకు పోయిండాది గదా. నువ్వు ఈడ ఉండి ఏం చేస్తావు?"

"పిల్లోల్లకు ఆట చెప్తాను, సావుకారూ. నాకు వేరే పని రాదు."

చూద్దాంలే అన్నాడు పెదనాన్న. ఆ చూద్దాం అన్న మాటను నమ్ముకుని మాస్టరు చేతులెత్తి దండం పెట్టి మెట్లు దిగాడు. దిగుతూ నన్ను చూసి, రేపు పొద్దున ప్రాక్టీసుకు ఆలస్యం చేయొద్దని సైగ చేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెదనాన్న నవ్వుతూ చెప్పాడు, తాను మరో ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇదివరకే ఆఫీసరును కలిసి వచ్చాననీ, మన రాష్ట్రంలో మనవాళ్లకే ఉద్యోగాలుండాలని గట్టిగా అడిగాననీ, ఆ ఖాళీలోకి పెద్దమ్మ అన్నగారి కొడుకు రాబోతున్నాడనీ. అంటే మాస్టరు దండం పెట్టే సమయానికే ఆయన పని అయిపోయిందన్నమాట. మా నాన్న తల వంచుకుని మజ్జిగ పోసుకున్నాడు. మాట్లాడింది పెద్దమ్మ ఒక్కతే. ఉద్యోగం వచ్చేది తన మేనల్లుడికే కదా, సంతోషిస్తుందనుకున్నారందరూ.

"మావానికి బంతి తన్నేది తెలుసునా, ఈల ఊదేది తెలుసునా?" అంటూ ఆమె గరిటెను గిన్నెలోకి విసిరేసింది. "సంసారి కూడు గుంజి మావానికి పెడ్తావా? దండం పెట్టించుకునే ముందు ఆ మాట ఆయనకు సెప్పింటే నీ నోరు పడిపోతాండెనా?"

పెదనాన్న ఎదుట ఆ ఇంట్లో అలా మాట్లాడినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. కానీ జరగవలసింది మాత్రం జరిగిపోయింది.

మాస్టరు ఊరు విడిచే రోజున మమ్మల్ని బయటకు పోనివ్వకుండా హెడ్మాస్టరు బడి గేటు మూయించాడు. మా జట్టంతా గోడ దూకి బస్టాండుకు పరిగెత్తాం. ట్రంకు పెట్టెలు, మంచం కోళ్లు, తిరగలి బస్సు పైకి ఎక్కించేశారు. మా కెప్టెను, వాళ్ల నాన్న జిన్నింగు మిల్లులో బేళ్లు మోసేవాడు, దారిలో ఎక్కడో బంతిపూల దండ కొన్నాడు. మాస్టరు దాన్ని చేత్తో తోసేశాడు.

"నాకొద్దురా దండలు. ఒకసారి ఏసినారు, సాలు."

ఆయన భార్య చంకలో పిల్లతో బస్సు మెట్టుమీద నిలబడి ఉంది. మాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. ఆ రోజు బస్టాండంతా వినేలా అడిగింది: "మీ రాష్ట్రం వచ్చిందని ఈయనతోనే డ్రమ్ములు కొట్టిస్తిరి. అప్పుడు మీవాడు, ఇప్పుడు పరాయోడా?" పిల్లోల్లకేం తెలుసు, ఊరుకో అన్నాడు మాస్టరు. "తెలుసుకోనీ. పెద్దోల్లయినంక ఇట్లా సేయకుండా ఉంటారు" అంది ఆమె.

ఆయన బస్సెక్కి అటువైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా మావైపు చూడలేదు. చూసి చెయ్యి ఊపి ఉంటే మేము ఏడ్చి ఇళ్లకు పోయి ఉండేవాళ్లమేమో. చూడలేదు కాబట్టి మాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఆ కోపం ఎమ్మిగనూరులో బయటపడింది. ఏటా వాళ్ల బడికీ మా బడికీ పోటీ జరిగేది. నేతగాళ్ల పిల్లలు, పొట్టివాళ్లు, బంతితో పాటు పాదరసంలా జారేవాళ్లు. ఆ ఏడు బహుమతి ఇవ్వడానికి వచ్చింది మా పెదనాన్నే. కొత్త డ్రిల్లు మాస్టరు కొత్త బూట్లతో గట్టుమీద నిలబడి ఉన్నాడు. ఈల మోగింది. ఎమ్మిగనూరు వచ్చే బస్సులో అనుకున్నట్టుగానే మేమందరం మైదానంలో ఎవరి చోట వాళ్లం కూర్చుండిపోయాం. జనం మొదట నవ్వారు. ఎమ్మిగనూరు పిల్లలు ఖాళీ గోలులోకి ఒకసారి, ఇంకోసారి బంతి తన్నారు. మూడోసారి వాళ్ల కెప్టెను బంతిని చంకన పెట్టుకుని మా కెప్టెను దగ్గరకు వచ్చాడు.

"ఏమైందన్నా, లేయరు?"

"మా సారును బళ్లారికి తరిమినారు. ఆయన లేకుండా మేమాడం."

ఆ పిల్లవాడు బంతిని రెఫరీ చేతిలో పెట్టి, తనవాళ్లను పిలుచుకుని మైదానం దాటి పోయాడు. అప్పుడు పెదనాన్న పంచె ఎగగట్టుకుని వచ్చి, వేలమంది చూస్తుండగా నా చెవి పట్టుకుని లేపాడు. చెంపమీద ఆ వేళ్ల గుర్తులు మర్నాటిదాకా ఉన్నాయి. నేను మళ్లీ కూర్చున్నాను.

నాకు పడ్డ శిక్ష ఆ చెంపదెబ్బ, బడిలో కొన్ని బెత్తం దెబ్బలు. మా కెప్టెనుకు పడ్డ శిక్ష వేరు. ప్రేరేపించినవాడు వాడేనని చెప్పి బడినుంచి తీసేశారు. కూర్చోవాలని బస్సులో అందరం కలిసే అనుకున్నాం, అందరం ఒక్కసారే కూర్చున్నాం; అయితే సావుకారు తమ్ముడి కొడుకు పేరు రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మర్నాడే నేను హెడ్మాస్టరు గదిలోకి పోయి నేనూ కూర్చున్నాను గదా సార్ అంటే, నోరు మూసుకుని క్లాసుకు పో అన్నాడు. వాడు తండ్రి వెంట మిల్లుకు పోయాడు. నేను కాలేజీకి పోయాను. ఎంతమంది చుట్టుముట్టినా బంతిని కాలికి అంటించుకుని తిరిగేవాడు, ఇక పత్తి దుమ్ములో దగ్గుతూ బతికాడు. ఆ మైదానంలో మెట్లు కట్టి ఎవరి పేరైనా పెట్టాలనుకుంటే పేర్లు లేక కాదు.

చాలా ఏళ్లకు, నాకు ఉద్యోగం వచ్చి పిల్లలు పుట్టాక, మాస్టరు సరిహద్దుకు అవతల సిరుగుప్పలో స్థిరపడ్డాడని తెలిసి నేనూ మా కెప్టెనూ ఒక ఆదివారం వెళ్లాం. జుట్టంతా తెల్లబడింది కానీ మనిషి నిటారుగానే ఉన్నాడు. గుమ్మంలోనే ఇద్దరినీ గుర్తుపట్టాడు. కెప్టెను మోకాలు ఎలా ఉందని అడిగాడు, మిల్లు సంగతి విన్నాడు. అక్కడి పిల్లల జట్టు గురించి చెప్పాడు. అంతా కన్నడంలోనే. నేను తెలుగులో మాట్లాడుతున్నాను. ఆయన ప్రతి మాటా అర్థం చేసుకుంటున్నాడు, కన్నడంలో జవాబిస్తున్నాడు. మేము లేవబోతే ఆయన కూడా లేచి, నావైపు తిరిగి, "ఊట మాడ్కొండు హోగ్రి" అన్నాడు. భోంచేసి వెళ్లండి అని. ఒరేయ్ అని పిలిచి కొండమీద వెనకనుంచి తన్నిన మనిషి నన్ను మీరు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా కెప్టెను, "సారుకు తెలుగు మరుపొచ్చినట్టుండాది గదన్నా" అన్నాడు. నేను అవునన్నాను. మరుపు కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఆదోని బస్టాండులో కండక్టర్లు బళ్లారి, సిరుగుప్ప అని రెండు భాషల్లోనూ అరుస్తారు. ఆడపిల్లలు ఫోనులో సగం మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. అటు పిల్లనిస్తారు, ఇటు పిల్లను తెచ్చుకుంటారు, ఎవరికీ పట్టింపు లేదు. పెదనాన్నలాంటివాళ్లు మన మేలు కోసమని చెప్పిన ఆ వేరుపాటు ఎప్పుడు కరిగిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. మంచిదే, నాకూ సంతోషమే. అయితే ఆ సంతోషంలో కూడా నాకు ఒళ్లు మండుతుంది, ఇంత తేలిగ్గా కరిగిపోయేదాని కోసం ఒక మనిషిని తాను తిట్టే భాషనుంచి కూడా వెళ్లగొట్టారు కదా అని. మాస్టరు పోయి చాలా ఏళ్లయింది. నన్ను ఒరేయ్ అనేవాళ్లు ఈ భూమ్మీద ఇక ఎవరూ లేరు.