దేవరాపల్లిలో రావలసిన కాగితం

దేవరాపల్లి ప్రింటర్‌లో రావలసిన కాగితం చోడవరం ప్రింటర్‌లోంచి బయటికి వచ్చింది. ఇది మూడోసారి. ఝాన్సీ దాన్ని ముందు వచ్చిన రెండింటి మీద పెట్టింది.

"ఏటే గుంటా, ఇక్కడ మిషన్ గుర్రుమననైనా గుర్రుమనలేదు. నువ్వు నిజంగా ఏదైనా సేస్తన్నావా?" ఫోన్లో మంగాయమ్మ. దేవరాపల్లిలో శాంపిల్ సెంటర్ చూసేది ఆవిడే.

"సేస్తన్నాను పిన్నీ. ఉండు."

డాక్టర్ రామచంద్రమూర్తి గారి రక్తపరీక్షల ల్యాబు చోడవరంలో ఉంది. దేవరాపల్లి, కె.కోటపాడు, రావికమతంలో ఆయనకు సెంటర్లున్నాయి. అక్కడ తీసిన రక్తం ఆటోలో వచ్చేది, రిపోర్టు వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లేది. పోయిన నెల ఒకమ్మాయి రిపోర్టు వేరే ఊరి వాళ్ల ఫోన్‌కి పోయింది. ఆమె అన్న వచ్చి డాక్టరుగారిని నిలదీశాడు. ఆ మర్నాడే ఝాన్సీని పిలిచి వీపీఎన్ టన్నెల్ వేయమన్నారు. అందరూ తిరిగే ఇంటర్నెట్ లోపలే, రెండు ఆఫీసుల మధ్య బయటివాళ్ల కంటపడని తాళం వేసిన దారి అది.

గడువు ఈ సాయంత్రం. కాకపోతే విశాఖ కంపెనీకి ఇచ్చేస్తానని ఆయన మర్యాదగానే చెప్పారు. వాళ్లు వస్తే నాలుగు చోట్లా పని వాళ్లదే. ఝాన్సీకి ముప్పయ్యారేళ్లు, ఖాయంగా ఉన్న పని ఇదొక్కటే. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో పాడైన సిస్టములు విప్పి విప్పి నేర్చుకున్న మనిషి. ఈ ల్యాబులో ప్రతి వైరూ ఆమె లాగిందే.

టన్నెల్ కలిసిందని తెర మీద పచ్చగుర్తు కనిపిస్తూనే ఉంది. మరి కాగితం దాటదేం? ఇక్కణ్నుంచే దేవరాపల్లి ప్రింటర్‌ని నంబరుతో పలకరించి చూసింది. జవాబు వచ్చింది, అదీ క్షణంలో. అంత దూరం నుంచి అంత తొందరగా ఎలా వస్తుంది? లేచి, పక్కనున్న ప్రింటర్ స్విచ్ ఆపింది. జవాబులు ఆగిపోయాయి.

"ఓలమ్మో," అంది.

ఆరేళ్ల కిందట నాలుగు చోట్లా మిషన్లకి ఒకే వరుస నెట్‌వర్క్ నంబర్లు ఇచ్చింది తనే. ఏ ఊళ్లోనైనా పది అంటే కంప్యూటరు, ఇరవై అంటే ప్రింటరు. ఏదైనా ఆగిపోతే మంగాయమ్మలాంటి వాళ్లకి ఫోన్లో చెప్పి చేయించడానికి వీలని. ఎవరి గూటిలో వాళ్లున్నన్నాళ్లూ బాగానే నడిచింది. ఇప్పుడు ఇరవై అనగానే చోడవరం కంప్యూటరు తన పక్కదాన్నే లేపుతోంది. టన్నెల్ వైపు తొంగి కూడా చూడటం లేదు.

వెళ్లి డాక్టరుగారికి చెప్పింది. "రౌటర్లు బానే ఉన్నాయండి. తప్పు నాది. నంబర్లు నేనే అలా ఇచ్చేను. దేవరాపల్లి వెళ్లి మార్చాలి."

ఆయన గోడ గడియారం వైపు చూశారు. "సాయంత్రం అన్నాను కదమ్మా. ఇంకా పన్నెండే."

చోడవరం రౌటర్లో మార్చాల్సింది మార్చి, స్కూటీ తీసింది. దారిలో చెరకు ట్రాక్టర్ వెనక ఇరుక్కుని, దేవరాపల్లి చేరేసరికి రెండు దాటింది.

"అదిగో, అచ్చియ్యమ్మ పొద్దుట్నించీ సుగర్ రిపోర్టుకి కూసుంది," అంది మంగాయమ్మ. "వాట్సాప్ వద్దన్నారు మీ డాక్టరుగారు. నన్నేటి సెప్పమంటావు?"

ఝాన్సీ రౌటర్ ముందు కూర్చుని నంబర్లు మార్చడం మొదలుపెట్టింది.

"నా మిషన్ ఇంక ఇరవై కాదేటి?" మంగాయమ్మకి బెంగ పట్టుకుంది.

"ఇరవయ్యే పిన్నీ. దాని ముందు ఊరి అంకె మారుతంది, అంతే. చోడవరం ఒకటి, నువ్వు మూడు."

తర్వాత డాక్టరుగారికి ఫోన్ చేసింది. "అచ్చియ్యమ్మ గారి రిపోర్టు ప్రింటు ఇవ్వండి."

ముగ్గురూ ప్రింటర్ వైపు చూశారు. అది గుర్రుమంది. కాగితం మెల్లగా బయటికి వచ్చింది.

"ఈ ముక్క కాయితానికేనా ఇంతసేపు?" అని అచ్చియ్యమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

ఫోన్లో డాక్టరుగారు, "ఇక్కడేం రాలేదమ్మా," అన్నారు.

"అక్కడ రాకూడదండీ!"

విషయం అర్థమై ఆయన నవ్వారు. "అయితే విశాఖ వాళ్లని రావద్దంటాను. రేపు కోటపాడు చూడు, ఎల్లుండి రావికమతం."

ఝాన్సీ ఫోన్ పెట్టేసి, ప్రింటర్ మీద కాగితం ముక్క అంటించి, మార్కర్‌తో పెద్దగా మూడు, ఇరవై అని రాసింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తెచ్చుకున్న అన్నం డబ్బా స్కూటీలోనే ఉండిపోయిందని.

"ముందు తిను," అంది మంగాయమ్మ నీళ్ల సీసా జరుపుతూ. "మళ్లీ నా నంబరు మార్చీకు."

"మార్చనులే పిన్నీ," అని ఝాన్సీ డబ్బా కోసం బయటికి నడిచింది.