ముత్తాతగారి చేవ్రాలు

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైన బరువుకు నడక కూడా సర్దుకుంటుంది, ఎవరూ కనిపెట్టలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్నెరగరు కాబట్టి.

రాజమండ్రిలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. మా లైబ్రరీకి పాత మిషన్ బంగళా నుంచి వచ్చిన పుస్తకాల్లో స్పెయిన్ రాజు ఒకాయన చరిత్ర ఉండేది. రెండువందల ఏళ్ళు దాటిన ముద్రణ. తోలు అట్ట, వెడల్పాటి అంచులు. స్పెయిన్ గురించి నాకు పెద్ద బెంగేమీ లేదు. అది చంకలో ఉంటే స్టాఫ్‌రూములో నలుగురూ చూస్తారని ఆశ.

ఇంటికి తీసుకెళ్తానంటే లైబ్రేరియన్ దానియేలుగారు తటపటాయించారు. ఒక పేజీ తెరిచి అంచు చూపించారు. వంకర అక్షరాలతో, తెలుగులో, ఒక పేరు.

"మా ముత్తాతండి. దొరగారి బంగళాలో పంకా లాగేవాడు. బడి మొహం చూళ్ళేదు. దొరగారు కునుకు తీస్తే ఇందులో రాసుకుని నేర్చుకున్నాడంట. ఆయన గుర్తు మాకిదొక్కటే."

"ప్రాణంలా చూసుకుంటానండి."

"మీ ప్రాణం ఎందుకండీ, తడి తగలనివ్వకండి, చాలు," అని నవ్వి, రిజిస్టరులో రాయకుండానే ఇచ్చారు.

తడి తగలనివ్వలేదు. అట్ట ఊడుతోందని, మేలు చేద్దామని, పిల్లల రికార్డు పుస్తకాలు కుట్టే బైండరుకిచ్చాను. ఏది కుట్టినా మూడు వైపులా కోసి నున్నగా చెయ్యడం ఆయన పద్ధతి. స్పెయిన్‌కు మినహాయింపు ఇవ్వలేదు. ఎర్ర కాలికో గుడ్డ అట్టతో, పెళ్ళికొడుకులా వచ్చింది పుస్తకం. ఆ పేజీ అంచున సిరా చుక్క కూడా మిగల్లేదు. దుకాణానికి పరుగెత్తాను. తరుగు ముక్కలు పొద్దున్నే ఊడ్చేశారట.

నెల తరవాత దానియేలుగారు అడిగారు. మీరు లేనప్పుడు మీ బల్లమీద పెట్టి వెళ్ళానన్నాను.

ఎందుకన్నాను? కోప్పడతారనా? ఆయనకు కోపం రాదని తెలుసు. బహుశా ఆ రాని కోపాన్నే నేను ఎదుర్కోలేకపోయాను. ఆయన నమ్మారు. పైగా తన మతిమరుపుకు నాకే క్షమాపణ చెప్పారు. రిటైరయ్యేదాకా, సెలవు రోజుల్లో కూడా వచ్చి, ఒక్కో ర్యాకూ దించి వెతికారు. ఒకసారి పైఅర చూస్తుంటే నిచ్చెన నేనే పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. ఆ మాత్రం బాధ్యత ఉంది నాకు.

కిందటేడు ఆయన పోయారు. చర్చి బయట వాళ్ళమ్మాయి, "ముత్తాతగారి చేవ్రాలు నేనే పోగొట్టానమ్మా అని చివరిదాకా అంటూనే ఉన్నారు సార్," అంది. నేను తలూపాను. నోట్లో మాట ఉంది. తలే ఊపాను.

పుస్తకం నా బీరువాలో ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉండేదో ఆయన్ని నేను అడగలేదు. కానీ ఇదంతా రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

దానియేలుగారు ఏమీ పోగొట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీరు.